దృశ్యరూపకం – సమానధర్మం: బొమ్మల్లో రూపకనిర్మాణంపై అలంకారశాస్త్ర పరిశీలన

వ్యాససంగ్రహం:

కథకు, కవితకు, సంపాదకీయానికి బొమ్మ వేసేవారు రూపకాన్ని ఎలా నిర్మిస్తారు, ఆ పని నేర్చుకునేవారు ఎక్కడ తడబడతారు అన్నది ఈ వ్యాసంలో పరిశీలనాంశం. మాటలోని రూపకాన్ని ఉన్నదున్నట్లు గీసినంత మాత్రాన అది దృశ్యరూపకం కాదు. ఉపమేయానికీ ఉపమానానికీ ఉన్న సమానధర్మం ఆకారంలోనో, స్థానంలోనో, చలనంలోనో కంటికి అందినప్పుడే బొమ్మలో రూపకం సిద్ధిస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. అవనీంద్రనాథ్ టాగూర్ 1914లో వెలువరించిన శిల్పశరీర వివరణ, ఫ్రెంచి వ్యంగ్యచిత్రకారుడు ఫిలిపోన్ 1831లో గీసిన పియర్ పండు బొమ్మలు, తెలుగు జాతీయాలు, ముక్కును వర్ణించిన ఒక ప్రసిద్ధ పద్యభావం ఇందుకు ఆధారాలు.

కీలకపదాలు: దృశ్యరూపకం, సమానధర్మం, రూపకాతిశయోక్తి, వ్యంగ్యచిత్రం, అవనీంద్రనాథ్, జాతీయాలు.

1. ఉపోద్ఘాతం:

డిగ్రీ తరగతిలో రూపకాలంకారం చెప్పేటప్పుడు 'సంసారసాగరం' అన్న సమాసాన్ని ఉదాహరణగా ఇవ్వడం మనకు పరిపాటి. ఒకసారి పాఠం ముగిశాక, ఆ సమాసాన్ని బొమ్మగా గీసి తీసుకురమ్మని విద్యార్థులను అడిగాను. మర్నాడు వచ్చిన కాగితాల్లో దాదాపు అన్నింటిలోనూ ఒకే బొమ్మ. పెద్ద సముద్రం, అందులో చిన్న పడవ, పడవలో భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. నిజానికి సమాసంలో పడవ లేదు. పడవ లేకుండా మనుషులను సముద్రంలో ఎలా నిలబెట్టాలో తెలియక దాన్ని వారే తెచ్చుకున్నారు. ఒక ఆరోపం మరొక ఆరోపానికి కారణమైతే దాన్ని పరంపరిత రూపకం అంటారని ముందురోజు పాఠంలో చెప్పుకున్నదే. వారికి తెలియకుండానే దాన్ని ప్రయోగించారు. అంతవరకు సంతోషమే. అయితే ఆ బొమ్మలను, పాఠం వినని వేరొక తరగతి విద్యార్థులకు చూపించి ఇదేమిటని అడిగితే, 'పడవ ప్రయాణం', 'చేపలవాళ్ళు', 'వరద' అన్నారు. ఒక్కరైనా సంసారం అనలేదు.

ఒక అమ్మాయి తెచ్చిన బొమ్మ మాత్రం వేరుగా ఉంది. ఉతకవలసిన బట్టల కుప్ప. ఆ కుప్ప పైకి లేచి, ముందుకు వంగి, విరగబోయే అలలా ఉంది. అల కొసన నురుగు. అది సబ్బునురగ. కింద పీట మీద కూర్చున్న స్త్రీ వీపు మాత్రమే కనిపిస్తోంది. ఆ బొమ్మలో సముద్రం లేదు, పడవ లేదు. కానీ దాన్ని చూసిన ప్రతివారూ ఏదో ఒక మాటలో సంసారాన్నీ, మునిగిపోవడాన్నీ ప్రస్తావించారు.

మొదటి రకం బొమ్మలకూ ఈ బొమ్మకూ తేడా గీత నైపుణ్యంలో లేదు. పడవ గీసినవారిలో ఈ అమ్మాయి కంటే బాగా గీయగలవారు ఉన్నారు. తేడా ఎక్కడుందో చెప్పడానికి మన అలంకారశాస్త్రం ఏ మేరకు ఉపకరిస్తుంది? అది ఎక్కడ ఆగిపోతుంది? ఈ రెండు ప్రశ్నలకు సమాధానం వెతకడమే ఈ వ్యాసం ఉద్దేశం.

2. సమానధర్మం కంటికి అందడం:

ఉపమకు ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం అని నాలుగు అంగాలు. వీటిలో కొన్ని లోపించినా ఉపమకు భంగం లేదు, దాన్ని లుప్తోపమ అంటాం. భేదం మరుగుపడిన ఉపమయే రూపకమని దండి కావ్యాదర్శంలో నిర్వచించాడు. మాటలో సమానధర్మాన్ని చెప్పకపోయినా పాఠకుడు ఊహించుకుంటాడు. 'సంసారసాగరం' అనగానే దాటశక్యం కానిదన్న ధర్మం స్ఫురిస్తుంది. ఆ స్ఫురణకు వెనుక వందల ఏళ్ల వాడుక ఉంది. బొమ్మకు ఆ వాడుక అండగా లేదు. సముద్రాన్ని గీస్తే కనిపించేది సముద్రమే. దాటరానితనం అన్న గుణానికి ఆకారం లేదు. బట్టల కుప్ప గీసిన అమ్మాయి చేసిన పని, ఆకారం లేని ఆ ధర్మాన్ని పక్కనపెట్టి, ఆకారం ఉన్న మరొక ధర్మాన్ని వెతకడం. అలకూ బట్టల కుప్పకూ ఉన్న ఒంపు, సముద్రానికీ సబ్బునీళ్లకూ ఉన్న నురుగు, ఈ రెండూ కంటికి కనిపించేవి. రూపకాన్ని ఆమె సమాసం నుంచి తీసుకుంది గాని, సమానధర్మాన్ని మాత్రం కొత్తగా సంపాదించింది.

మాటలోని ఉపమానాలను ఏ మార్పూ లేకుండా గీస్తే ఏమవుతుందో చెప్పడానికి యూరప్ సాహిత్యచరిత్రలో ఒక వినోదకరమైన ఉదాహరణ ఉంది. షార్ల్ సొరెల్ అనే ఫ్రెంచి రచయిత 1627లో ప్రకటించిన నవలలో ఒక సుందరి చిత్తరువు అచ్చయింది. ప్రేమకవులు వాడే ఉపమానాలన్నింటినీ అందులో అక్షరాలా గీశారు. కళ్ల స్థానంలో సూర్యులు, కనుబొమల స్థానంలో విల్లులు, చెక్కిళ్లపై లిల్లీ, గులాబీ పువ్వులు, స్తనాల స్థానంలో భూగోళాలు. ఫలితం ఒక భయానక ముఖం. రచయిత కోరుకున్నదీ అదే, ఎందుకంటే ఆ నవల అటువంటి కవిత్వాన్ని ఎగతాళి చేయడానికి రాసినది. మన ప్రబంధనాయికను ఇదే పద్ధతిలో గీస్తే ఆమె గతి కూడా అంతే. జడ స్థానంలో పాము, నడుము స్థానంలో శూన్యం! ఇటువంటి హాస్యచిత్రాలను తెలుగు పాఠకులు చూడకపోలేదు.

దీనికి సరిగ్గా ఎదురుగా నిలిచే గ్రంథం అవనీంద్రనాథ్ టాగూర్ రచన. భారతీయ శిల్పంలోని శరీర నిర్మాణాన్ని గురించి ఆయన బెంగాలీలో రాసిన వ్యాసాన్ని సుకుమార్ రాయ్ ఆంగ్లంలోకి అనువదించగా, అది 1914లో కలకత్తాలో చిన్న పుస్తకంగా వచ్చింది. అందులోని బొమ్మలు ఆయన శిష్యులు నందలాల్ బోస్, మైసూరుకు చెందిన వెంకటప్ప గీసినవి. కవులు, శిల్పులు వాడుతూ వచ్చిన ఉపమానాలే అందులోనూ ఉన్నాయి. ముఖం కోడిగుడ్డులా, కనుబొమ వేపాకులా లేదా విల్లులా, ముక్కు నువ్వుపువ్వులా, మెడ శంఖంలా, గడ్డం మామిడిటెంకలా, మొండెం ఆవుముఖంలా, భుజం, చేయి ఏనుగు తొండంలా, ముంజేయి లేత అరటిబోదెలా, మోకాలు పీతడిప్పలా, పిక్క చేపలా ఉంటాయని ఒక్కొక్క అవయవం పక్కన ఆ ఉపమానాన్ని గీసి చూపారు.

ఈ పుస్తకాన్ని తెలుగు సాహిత్య విద్యార్థి చదివితే ముందుగా కలిగేది ఆశ్చర్యం. నువ్వుపువ్వు, శంఖం, అరటిబోదె మనకు పద్యాల్లో ఎన్నోసార్లు ఎదురైనవే. వాటిని కవిసమయాలుగా, కొంత విసుగుతో దాటిపోవడం మనకు అలవాటు. నందలాల్, వెంకటప్పల గీతలో నువ్వుపువ్వును పక్కకు తిప్పి ముక్కు పక్కన ఉంచినప్పుడు, పువ్వు మొదటి నుంచి పెదవి దాకా దిగే ఒంపు, ముక్కుపుటం వెడల్పు ఒకదానితో ఒకటి సరిపోవడం కంటికి తెలుస్తుంది. ఆవుముఖం మరింత అనూహ్యమైనది. స్త్రీపురుషుల అందాన్ని ఆవుముఖంతో పోల్చడానికి ఏ కవీ సాహసించడు. కాని కొమ్ముల దగ్గర వెడల్పుగా మొదలై మూతి దగ్గర సన్నబడే ఆ ఆకారం, భుజాల నుంచి నడుముకు దిగే మొండెపు రేఖ ఒకటే. మాటలో అయోగ్యమైన ఉపమానం గీతలో యోగ్యమైంది. అందుకే కవి ఉపమానకోశం, చిత్రకారుడి ఉపమానకోశం ఒకటి కావు. కొన్నిచోట్ల అవి కలుస్తాయి, అంతే. ముఖాన్ని చంద్రుడితో పోల్చే కవికి కావలసింది కాంతి, ఆహ్లాదం. గుడ్డుతో పోల్చే శిల్పికి కావలసింది నుదుటి నుంచి గడ్డం దాకా వచ్చే కోల ఆకారం.

ఇక్కడ మరొక విషయం గమనార్హం. రూపకాతిశయోక్తిలో ఉపమేయాన్ని ఉపమానం మింగివేస్తుంది. ఉపమానం ఒక్కటే చెప్పబడుతుంది. పూర్తయిన విగ్రహంలో జరిగేది దీనికి తిరగబడిన పని. ఆవుముఖం విగ్రహంలో కనిపించదు, మొండెమే కనిపిస్తుంది. ఉపమానం తన ఆకారాన్ని ఇచ్చి తాను తప్పుకుంటుంది, అంటే ఉపమేయమే ఉపమానాన్ని మింగివేస్తుంది. దీనికి అలంకారశాస్త్రంలో పేరు లేదు. ఉండడానికి వీలూ లేదు. పదం ఉంటేనే కావ్యంలో ఉపమానం ఉంటుంది, పదం లేకపోతే అది లేనట్లే. బొమ్మలో మాత్రం ఉపమానం తన పేరు పోగొట్టుకుని కూడా పనిచేయగలదు. మన శాస్త్రం ఆగిపోయే చోటు ఇదని నా అభిప్రాయం.

అవనీంద్రనాథ్ తన పుస్తకం ఆరంభంలోనే శిష్యులను హెచ్చరించాడు. శాస్త్రం కళను వివరించడానికి ఉంది గాని, కళ శాస్త్రాన్ని నిరూపించడానికి లేదన్నది ఆయన మాటల సారం. ఈ హెచ్చరికను పట్టించుకోకుండా ఆ పుస్తకాన్ని కొలతల పట్టికగా వాడుకుంటే, కోడిగుడ్డు ముఖాలు వందలకొద్దీ తయారవుతాయి, చూపు మాత్రం అలవడదు.

3. స్థానం: ముక్కు, సంపెంగ, తుమ్మెదలు

ఆకారం ఒక్కటే సమానధర్మం కాదు. ముక్కు తిమ్మనకు ఆ పేరు తెచ్చిపెట్టిందని లోకం చెప్పుకునే పద్యం, వసుచరిత్రలోనూ కనిపించే పద్యం, ఈ సందర్భంలో మళ్లీ చూడదగినది. దాని భావం అందరికీ తెలిసిందే. అన్ని పువ్వుల మీదా వాలే తుమ్మెద తన దగ్గరికి రావడం లేదని కినిసిన సంపెంగ తపస్సు చేసి స్త్రీ ముక్కుగా పుట్టింది, ఇప్పుడు చూపులనే తుమ్మెదల బారులను ఇరువైపులా పొందింది. ఈ పద్యాన్ని ఉత్ప్రేక్షకు, కల్పనాచమత్కృతికి ఉదాహరణగా చెబుతాం. దాన్ని బొమ్మగా చూసే ప్రయత్నం సాధారణంగా చేయం.

ముక్కుకూ సంపెంగమొగ్గకూ ఉన్న పోలిక ఆకారానిది. చూపుకూ తుమ్మెదకూ ఉన్న పోలిక నలుపుది, చలనానిది. అయితే ఈ పద్యం బలం ఆ రెండు పోలికల్లో కంటే వాటి అమరికలో ఉంది. మధ్యన పువ్వు, దానికి రెండు పక్కలా తుమ్మెదలు. ముఖంలో మధ్యన ముక్కు, రెండు పక్కలా చూపులు. ఉపమానాల మధ్య ఉన్న సంబంధమే ఉపమేయాల మధ్య కూడా ఉంది. ఒక కాగితం మీద నిలువుగా ఒక సంపెంగమొగ్గను, దాని పైభాగంలో ఇటొక తుమ్మెదను, అటొక తుమ్మెదను గీస్తే చాలు. ముఖం చుట్టూ గీత గీయకపోయినా చూసేవారికి అక్కడ ముఖం కనిపిస్తుంది. రెండు చుక్కలు, మధ్యన ఒక గీత ఉన్న ప్రతిచోటా ముఖాన్ని చూడడం మనిషి కంటికి సహజం. సొరెల్ నవలలోని సుందరి ముఖం ఎందుకు చెడిందో కూడా ఇప్పుడు స్పష్టమవుతుంది. అక్కడ సూర్యుడికీ విల్లుకూ పువ్వుకూ భూగోళానికీ ఒకదానితో ఒకటి ఏ సంబంధమూ లేదు. ప్రతి ఉపమానం వేరే లోకం నుంచి వచ్చింది. తిమ్మన పద్యంలో పువ్వు, తుమ్మెద ఒకే తోటలోవి.

సావయవరూపకం గురించి ఆలంకారికులు చెప్పినదాన్ని చిత్రకారుడి భాషలో చెబితే ఇదే అవుతుంది. అంగాలన్నీ ఒకే అంగికి చెందాలి. బొమ్మ వేయడం నేర్చుకునేవారికి ఇది మొదటి అభ్యాసంగా ఇవ్వదగినదని నా అనుభవం. వర్ణనాపద్యం ఒకటి ఇచ్చి, అందులోని ఉపమానాలు ఒకే దృశ్యంలో ఇమడగలవా లేదా అని పరీక్షించమనాలి. ప్రబంధాల్లోని కేశాదిపాద వర్ణనల్లో చాలా పద్యాలు ఈ పరీక్షలో తప్పుతాయి. అది వాటి లోపం కాదు, అవి చెవి కోసం రాసినవి. నిలిచే పద్యాలు మాత్రం చిత్రకారుడికి నిధులు.

4. ముఖపద్మంలో ఏది ముఖం, ఏది పద్మం:

'ముఖపద్మం' అన్న సమాసానికి రెండు విగ్రహవాక్యాలు చెప్పవచ్చునని వ్యాకరణపాఠంలో నేర్పుతాం. పద్మము వంటి ముఖము అంటే ఉపమాన ఉత్తరపద కర్మధారయం, ముఖమనెడు పద్మము అంటే రూపకసమాసం. ఏది తీసుకోవాలో వాక్యంలోని క్రియ చెబుతుంది. ముఖపద్మం నవ్వింది అంటే నవ్వేది ముఖం కాబట్టి ముఖానికి ప్రాధాన్యం. ముఖపద్మం వికసించింది అంటే వికసించేది పద్మం కాబట్టి పద్మానికి ప్రాధాన్యం. ఒక నిర్ణయానికి సాధకమైనది మరొక దానికి బాధకమవుతుందన్న ఈ తర్కం ఆలంకారికులది.

బొమ్మలో క్రియాపదం లేదు. 'వంటి', 'అనెడు' లేవు. 'కాదు' అనే మాట అసలే లేదు. రెనే మాగ్రిట్ 1929 నాటి చిత్రంలో పొగాకు గొట్టాన్ని గీసి, ఇది గొట్టం కాదని చెప్పవలసి వచ్చినప్పుడు దాని కింద వాక్యం రాయక తప్పలేదు. అపహ్నుతి బొమ్మకు అంత దూరం. అయినా ఉపమకూ రూపకానికీ రూపకాతిశయోక్తికీ బొమ్మలో తేడా చూపవచ్చు. రెండింటినీ పక్కపక్కన నిలబెడితే ఉపమ. ఒకే దేహంలో కలిపివేస్తే రూపకం. ఒకదాన్ని తొలగించి, దాని చోటులో రెండవదాన్ని ఉంచితే రూపకాతిశయోక్తి. ప్రకటనల్లోని దృశ్యరూపకాలపై చార్లెస్ ఫోర్స్‌విల్ 1996లో ప్రచురించిన గ్రంథంలోని విభజన చాలామేరకు దీనికి దగ్గరగా ఉంటుంది. రెండు వస్తువులు ఒకే చోటును ఆక్రమించి ఒకే దేహంగా కనిపించాలన్నది నోయెల్ కారల్ దృశ్యరూపకానికి పెట్టిన నియమం. మాన్ రే 1924 నాటి ఛాయాచిత్రం దీనికి తరచుగా ఇచ్చే ఉదాహరణ. కూర్చున్న స్త్రీ వీపు మీద వయొలిన్‌కు ఉండే రెండు రంధ్రాల గుర్తులను మాత్రం చేర్చాడు. నడుము ఒంపు, వాద్యం ఒంపు అప్పటికే ఒకటి. చేర్చవలసింది ఆ రెండు గుర్తులే.

అయితే కలిసిపోయిన ఆ దేహంలో ఏది ఉపమేయమో తెలిసేదెలా? ఇక్కడ మన సాధక-బాధక తర్కం నేరుగా పనికివస్తుంది. ఒక కలాన్ని తుపాకిగా గీశామనుకుందాం. దాని కొస నుంచి సిరాచుక్క రాలుతుంటే అది తుపాకి వంటి కలం, బొమ్మ రచయితను గురించినది. కొస నుంచి పొగ లేస్తుంటే అది కలమనే తుపాకి, బొమ్మ హింసను గురించినది. రెండింటిలో వస్తువు ఒకటే. చివరన ఏమి జరుగుతోందన్నదే అర్థాన్ని తిప్పుతుంది. బొమ్మలో క్రియాపదం లేదన్నాం గాని, క్రియ ఉంది. దానితోపాటు పరిసరం కూడా ఉంది. ఆ కలం చొక్కాజేబులో ఉందా, ఒరలో ఉందా అన్నది కూడా సాధకమే. వ్యాకరణం తరగతిలో సమాసాలకు విగ్రహవాక్యాలు రాయించేటప్పుడు ఈ బొమ్మలను పక్కన పెడితే రెండు పాఠాలూ ఒకదానికొకటి వెలుగునిస్తాయి.

శ్రీశంకుకుడు రసచర్చలో చెప్పిన చిత్రతురగ న్యాయాన్ని కూడా ఇక్కడ తలచుకోవాలి. బొమ్మగుర్రాన్ని చూసి గుర్రమనుకునే జ్ఞానం సత్యమూ కాదు, భ్రమా కాదు, సందేహమూ కాదు, సాదృశ్యజ్ఞానమూ కాదు అన్నాడాయన. దృశ్యరూపకంలో ఆ విలక్షణ జ్ఞానం రెండింతలు. వయొలిన్ గుర్తులున్న ఆ వీపు వీపు కాదు, వీపు బొమ్మ. వయొలిన్ కాదు, వయొలిన్‌గా అగుపించే వీపు బొమ్మ. చూసేవారు దీనికి తికమకపడరు, ఆనందిస్తారు. శంకుకుడు నటుడిని గురించి వేసిన ప్రశ్నను బొమ్మలను గురించి విస్తరించి చర్చించవలసిన అవసరం ఉంది. అది వేరొక వ్యాసానికి విషయం.

5. పియర్ పండు, నాలుగు మెట్లు:

దృశ్యరూపకాన్ని మెట్టుమెట్టుగా నిర్మించి చూపిన బొమ్మ చరిత్రలో ఒకటి ఉంది. చిత్రమేమంటే అది పాఠశాలలో కాక న్యాయస్థానంలో పుట్టింది. పారిస్‌లో వ్యంగ్యచిత్రాల పత్రిక నడిపిన షార్ల్ ఫిలిపోన్‌ను 1831 నవంబరులో రాజు లూయీ ఫిలిప్‌ను అవమానించాడన్న నేరంపై విచారించారు. తన వాదానికి ఆధారంగా అతడు నాలుగు బొమ్మలు గీశాడు. మొదటిది రాజు ముఖం. కింది దవడ వెడల్పు, పైన ఎగదువ్విన జుట్టు. రెండవదాంట్లో బుగ్గలు మరింత జారాయి. మూడవదాంట్లో కళ్లు, నోరు పండు మీది మచ్చలకు దగ్గరయ్యాయి. నాలుగవది ఒట్టి పియర్ పండు. మొదటి బొమ్మ రాజును పోలిందని శిక్షిస్తే, దాన్ని పోలిన రెండవదాన్నీ, దాన్ని పోలిన మూడవదాన్నీ, చివరకు పండునూ శిక్షించవలసి వస్తుందన్నది అతని వాదం. న్యాయస్థానం వినలేదు. ఆరు నెలల జైలుశిక్ష, జరిమానా వేసింది. ఆ తరువాత పియర్ పండు పారిస్ గోడలపై సుద్దగీతగా వెలిసింది. డోమియే వంటివారు దాన్ని అనేక విధాలుగా మలిచారు.

అలంకారపరంగా చూస్తే మొదటి బొమ్మ స్వభావోక్తి, నడుమ రెండూ ఉపమ నుంచి రూపకం దాకా సాగే దారి, నాలుగవది రూపకాతిశయోక్తి. ఉపమేయం పూర్తిగా మాయమైంది. అయినా అది రాజేనని అందరికీ తెలిసింది. ఆ పండు పేరుకు ఫ్రెంచి వాడుకలో తేలికగా మోసపోయేవాడన్న అర్థం కూడా ఉండడం శ్లేషను చేర్చింది. కాని ఆ శ్లేష తెలియని తెలుగు విద్యార్థులు కూడా నాలుగు బొమ్మలను వరుసగా చూసి నవ్వుతారు. వారికి అందేది దవడ ఒంపు. శ్లేష భాషకు పరిమితం, ఒంపు పరిమితం కాదు.

నేర్చుకునేవారికి ఈ నాలుగు మెట్ల పద్ధతి చాలా ఉపయోగకరం. ఒక చివర ఉపమేయం, మరొక చివర ఉపమానం గీసి, నడుమ రెండు బొమ్మలు గీయమంటే, సమానధర్మం ఉంటే ఆ నడిమి బొమ్మలు సులభంగా వస్తాయి. లేకపోతే చేయి ఆగిపోతుంది. సంసారానికీ సముద్రానికీ నడుమ బొమ్మ గీయడం అసాధ్యం. బట్టల కుప్పకూ అలకూ నడుమ ఎన్ని కావాలన్నా గీయవచ్చు.

6. తెలుగు బొమ్మ – జాతీయం:

తెలుగు కథాచిత్రణ సంప్రదాయం ప్రధానంగా కథనాత్మకమైనది. 1947 జూలైలో మొదలైన చందమామలో శంకర్ గీసిన విక్రమార్కుడి బొమ్మను తెలుగువారెవరూ మరిచిపోలేరు. భుజాన శవం, చేత కత్తి, చుట్టూ శ్మశానం. అది కథలోని ఒక క్షణాన్ని చూపుతుంది, మరొక అర్థాన్ని ఆరోపించదు. వడ్డాది పాపయ్య వర్ణచిత్రాల్లోనూ, ముళ్లపూడి వెంకటరమణ బుడుగుకు బాపు వేసిన బొమ్మల్లోనూ మనకు నచ్చేది భంగిమ, భావం, గీతలోని జీవం. ఇది న్యూనత కాదు. కథ ఏమి చెప్పిందో దాన్ని కంటికి కట్టించడం ఒక కళ, కథ చెప్పనిదాన్ని మరొక వస్తువు ద్వారా స్ఫురింపజేయడం వేరొక కళ. రెండవది మన పత్రికల్లో ఎక్కువగా వ్యంగ్యచిత్రకారుల పాలిటికి వచ్చింది. బొమ్మలను గురించిన మన విమర్శ మాత్రం ఇప్పటికీ గీత అందం దగ్గరే ఆగుతున్నది. మోహన్ 'కార్టూన్ కబుర్లు' వంటి రచనలు వేళ్ల మీద లెక్కించదగినవి.

వ్యంగ్యచిత్రాల్లోని ఉపమానాల్లో కొన్ని అరిగిపోయాయి. కుర్చీ అంటే అధికారం. ఈ బొమ్మను చూసి ఎవరూ ఆగరు, ఆలోచించరు. లక్షణలో రూఢి, ప్రయోజనం అని రెండు భేదాలు చెప్పిన మమ్మటుడి దృష్టితో చూస్తే కుర్చీ రూఢిలక్షణ. దాన్ని మళ్లీ ప్రయోజనవతిగా మార్చడం సాధ్యమే. నాలుగు కోళ్లలో ఒకటి పొట్టిగా గీసి, దాని కింద ఒక మనిషిని ఆనించవచ్చు. అంటే అధికారమన్న అర్థాన్ని కుర్చీ పేరు నుంచి కాక, కుర్చీ నిర్మాణం నుంచి రాబట్టాలి.

జాతీయాలు బొమ్మలు వేసేవారికి సులభమైన ఆకర్షణ, అంతే సులభమైన ఉచ్చు. 'గోడ మీద పిల్లి' గీయగానే అర్థమవుతుంది, కాని బొమ్మ ఏమీ కొత్తగా చెప్పలేదు, జాతీయాన్ని గుర్తుచేసింది. ఆ జాతీయం తెలియని పాఠకుడికి అది పిల్లి మాత్రమే. దీన్ని నేను అనువాదచిత్రం అంటాను. 'నిమ్మకు నీరెత్తినట్లు' గీయడం ఎవరి తరమూ కాదు. అందులోని సమానధర్మం ఈనాటి పాఠకుడికి మాటలో కూడా అందడం లేదు. 'అడకత్తెరలో పోకచెక్క' వీటికి భిన్నం. పోకచెక్క చోటున చిన్న ఇంటిని ఉంచి, అడకత్తెర రెండు చేతులను రెండు రోడ్లుగా సాగదీస్తే జాతీయం తెలియనివారికి కూడా నలిగిపోవడం కనిపిస్తుంది. కరివేపాకు సంగతి మరింత ఆసక్తికరం. కరివేపాకులా తీసిపారేశారు అనే మాటకు బొమ్మ వేయమంటే చాలామంది ఆకుకు మనిషి ముఖం పెడతారు. అది సొరెల్ సుందరి మార్గం. తిన్న కంచం గీసి, మధ్యన ఖాళీ ఉంచి, అంచు మీద ఆకుల పక్కన చేతిసంచితో కూర్చున్న ముసలాయనను ఉంచితే, ఆకుకు ముఖం పెట్టనవసరం లేదు. ఇక్కడ సమానధర్మం ఆకారం కాదు, చోటు. కంచం అంచు.

7. ఉపమానం అదుపు తప్పడం:

మాటకు ఉన్న ఒక సౌకర్యం బొమ్మకు లేదు. మాటలో సమానధర్మాన్ని కావలసినంతవరకే పరిమితం చేయవచ్చు. ఓర్పులో భూదేవి అంటే ఓర్పు ఒక్కటే. బొమ్మలో ఉపమానం వస్తే తన ధర్మాలన్నింటినీ వెంటబెట్టుకుని వస్తుంది. ఇది కేవలం కళకు సంబంధించిన సమస్య కాదు.

రోజుకూలీల జీవితం మీద ఒక కథకు బొమ్మ వేయవలసి వచ్చిన ఒక యువచిత్రకారుడు, కథలోని 'గాడిదచాకిరీ' అన్న మాటను ఆధారం చేసుకుని, కూలీకి గాడిద తల పెట్టి గీశాడు. అతని ఉద్దేశంలో కపటం లేదు. బరువు మోసే కష్టాన్ని చూపాలనుకున్నాడు. కాని తెలుగులో గాడిద బరువును ఎంత మోస్తుందో, తిట్టును అంతకంటే ఎక్కువ మోస్తుంది. కథ మనిషి మీద జాలిని కోరింది, బొమ్మ మనిషిని హేళన చేసింది. ముఖానికి జంతుముఖాన్ని ఆరోపించడం రాజు విషయంలో ధిక్కారమైతే, కూలీ విషయంలో అవమానమైంది. పియర్ పండును గీసిన చేతిని న్యాయస్థానం శిక్షించింది. ఇటువంటి బొమ్మను గీసిన చేతిని ఏ న్యాయస్థానమూ అడగదు. అడగవలసింది విమర్శకులు. స్త్రీలను, కులవృత్తులవారిని, వికలాంగులను చూపే బొమ్మల్లో ఉపమానం ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న ఇప్పటికీ మన విమర్శలో అరుదు.

అతనితో మాట్లాడుతున్నప్పుడు ఒక మార్పు తోచింది. గాడిదను తీసివేసి, గాడిద మీద ఉండే మూటలను మాత్రం ఉంచితే? అవే మూటలు, అదే తాడు, వీపుకు రెండువైపులా అదే వేలాడే తీరు, మధ్యన మనిషి వీపు. అవనీంద్రుడి ఆవుముఖంలా గాడిద తన ఆకారాన్ని ఇచ్చి తాను తప్పుకుంటుంది. బరువు మిగులుతుంది, తిట్టు మిగలదు. అతను అలా గీశాడు. మూటల ఒంపు సరిగా కుదరక మూడుసార్లు చెరిపి, నాలుగోసారి ఒక మూటను కొంచెం కిందికి దించాడు. బరువు ఒకవైపుకు ఒరిగింది.